బాయిగడ్డ మీద ఐదు సుట్లు

నీడల కూసున్నోళ్లు ఎండను తిడుతుంటే నాకు ఒళ్లు మండుతది. తలుపుకు తడి చాప కట్టుకుంటరు, రంజన్ల నీళ్లు ముంతకు ముంత తాగుతరు, మల్ల "అబ్బబ్బా, సచ్చిపోతున్నమే" అని మొత్తుకుంటరు. నేను గూడ గసొంటిదాన్నే ఉంటి. పెండ్లయిన కొత్తల ఒక ఎండకాలం నన్ను జర బాగు చేసింది. ఆ ముచ్చటే రాస్తున్న. ఇందుల నేను చేసిన గొప్ప పనేం లేదు. ముందే చెప్తున్న, మల్ల నన్ను అనొద్దు.

మాది పాలమూరు. మా బాపు కచేరీల గుమాస్తా. నన్ను ఏడో తరగతి దాన్క సదివిపిచ్చి, మక్తల్ దిక్కు ఒక ఊర్ల ఎవుసం చేసేటోళ్లింటికి ఇచ్చిండు. పందొమ్మిది వందల అరవై దాటినంక రెండు మూడేండ్ల మాట. అప్పటిదాన్క నాకు ఎండంటే బడి నుంచి ఇంటికొచ్చే దారి, అంతే. ఆ దారిల ఒక కిరాణం దుకాణం పందిరి, ఒక దవాఖాన గోడ నీడ, ఒక యాప చెట్టు ఉంటుండె. అత్తగారి ఊర్ల ఎండకు మధ్యల ఏం అడ్డం లేదు. పొద్దు పొడిసిన కాడికెల్లి పొద్దు గూకే దాన్క అంతా దాని రాజ్యమే.

బాపు నాతోని పంపిన సామాన్లల్ల నాకు పానం రబ్బరు చెప్పులు. నీలి పట్టీలు, తెల్లటి అట్ట, అడుగున సన్న సన్న గళ్లు. అప్పుడప్పుడే పాలమూరు బజార్ల కొత్తగ వచ్చినయి. నేను అత్తగారింట్ల దిగిన నాడే మా అత్తమ్మ వాటిని రెండు వేళ్లతోని పట్టుకోని, సచ్చిన ఎలుకను తీసుకపోయినట్టు తీసుకపోయి, అటక మీద పెట్టింది.

"మా ఇండ్లల్ల కోడండ్లు చెప్పులేసుకోని బయట తిరగరు బిడ్డా" అన్నది.

"ఎండకాలం గూడనా అత్తమ్మా?"

"ఎండకాలమైతే? కోడలు అత్త అయితదా?"

మా అత్తమ్మ గట్ల మాట్లాడుతది. అరవదు, తిట్టదు. మాట అట్ల పెట్టి పోతది, మనం దాని పక్కన కూసోని ఏడ్వాలె.

ఆ ఏడే మా మామ చెల్కల కొత్త బాయి తవ్విపిచ్చుడు మొదలుపెట్టిండు. పాత బాయి రెండు ఎండకాలాల సంది ఎండిపోయి, ఇంట్ల గొడ్లకు గూడ నీళ్లు మోసుకొచ్చుడే అయితుండె. కొత్త బాయి పడుతదా పడదా అనేది మా ఇంటికి ఎట్లున్నా, నాకు మాత్రం పానం మీది సంగతి అయ్యింది. ఎందుకంటే మామ గంగమ్మకు కొబ్బరికాయ కొట్టిన నాడు, వాడకట్టు వాళ్లందరి ముంగట "కొత్త కోడలు కాలు పెట్టిన ఏడు, నీళ్లు పడకుండెట్ల?" అన్నడు. ఆయన మంచికే అన్నడు. కానీ ఊరికి ఆ మాటల రెండో సగం వినవడ్డది. నీళ్లు పడకపోతే మరి కాలు ఎవలిది?

మా ఎనుక వాడల ఒక పెద్దమ్మ ఉంటుండె. ఆమె కాపురానికొచ్చిన నెలకే వాళ్లింట్ల ఎద్దు సచ్చిందట. నలభై ఏండ్లయింది. ఆమెకు మనుమలు పుట్టిండ్రు, పండ్లు ఊసిపోయినయి, ఊరు ఇప్పటికీ ఆమెను "ఎద్దును మింగిన కోడలు" అనే పిలుస్తుండె. పాపం ఆమె గూడ పలుకుతుండె. ఇగ నేను "బాయిని మింగిన కోడలు" అయితనేమో అని నాకు కూడు సయిస్తలేకుండె.

బాయి తవ్వేతందుకు ఒక వడ్డెర పెద్దాయన, ఆయన పెండ్లాం, ఇంకో ముగ్గురు మనుషులు వచ్చిండ్రు. మొగోళ్లు గుంతల గడ్డపారలు వేస్తుంటే, ఆమె తట్టల మట్టి, రాళ్లు నెత్తికెత్తుకోని, గుంత పక్కకు చెక్కిన మెట్లెక్కి వచ్చి గడ్డ మీద పోస్తుండె. నేను ఆమెను అవ్వ అంటుంటి. బక్క పలుచ మనిషి. తట్ట నెత్తి మీద ఉంటే చెయ్యి పట్టకపోతుండె, రెండు చేతులు ఊపుకుంట వస్తుండె.

ఆమె ఎండను తిట్టంగ నేను ఒక్కనాడు వినలె. ఎండతోని పరాచికాలాడుతుండె, వరసైనోనితోని ఆడినట్టు. తట్ట దించి, కొంగుతోని మొకం తుడుసుకోని, పైకి సూసి, "ఏం బావా, పొద్దుగాల్నే గింత కోపమేంది? ఇంట్ల బువ్వ పెట్టలేదా?" అంటుండె. పగటీలికి "జర పక్కకు జరుగు బావా, నీ మొకం సూడలేక సస్తున్న" అంటుండె. గుంతలకెల్లి పెద్దాయన "నన్నెప్పుడన్న గంత ముద్దుగ పిలిసినవా?" అని అరుస్తుండె. "నువ్వు గింత దూరం నుంచి కాలుస్తవా మరి?" అని ఆమె.

వాళ్లకు అంబలి తీసుకపోవుడు నా పని. మొదటి నాడు నాకు మస్తు సంబురమైంది, ఇంట్లకెల్లి బయట పడ్తున్న గదా అని. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద జొన్నంబలి కుండ, చేతుల ఉల్లిగడ్డలు, పచ్చి మిరపకాయల మూట. వట్టి కాళ్లు. ఊరు దాటి పది అడుగులు వేసిన్నో లేదో, నా సంబురం మొత్తం అరికాళ్లల్లకెల్లి ఆవిరైపోయింది. ఆ ఎర్ర మట్టి దుమ్ము కాలిన పెనమే. ఉరుకుదామంటే నెత్తి మీద కుండ. నిలవడుదామంటే కాళ్ల కింద నిప్పులు. ఒక కాలు మీద ఒక కాలు పెట్టుకుంట, కొంగ లెక్క నడుసుకుంట పోయిన. దూరంకెల్లి నన్ను సూసి అవ్వ పడి పడి నవ్వింది.

"ఏమే బిడ్డా, మీ పాలమూర్ల ఎండ మెత్తగుంటదా?"

"ఉంటది" అన్న రోషంగ.

"జర తెచ్చుకుంటే అయిపోవు గద, మాకు గూడ ఇద్దువు."

నేను పోంగనె అక్కడున్న కడవల చెంబు ముంచి ఆమెకు నీళ్లు ఇయ్యబోయిన. తాగలె. గుంతలకెల్లి పైకొచ్చినోళ్లు గూడ ఎవ్వరు తాగలె. వాళ్లొచ్చిన బండి నీడల కూసోని, రుమాలు విప్పి, ఊపిరి కుదురు పడేదాన్క అట్లనే ఉన్నరు. ఆనంక ముందుగాల మొకం తడుపుకున్నరు, మెడ తడుపుకున్నరు, అప్పుడు గుక్కెడు నీళ్లు. ఎండలకెల్లి వచ్చి గటగట తాగితే పానం మీదికొస్తదని నాకు అప్పుడు తెలిసింది. ఏడో తరగతి పుస్తకంల గది లేకుండె.

మూడు దినాలల్ల నా కాళ్లకు బొబ్బలొచ్చినయి. నాలుగోనాడు అత్తమ్మ గొడ్ల కాడ ఉన్నప్పుడు అటకెక్కి, నా చెప్పులు తీసి, చీర వడిల దోపుకున్న. ఊరు దాటినంక తంగేడు పొద సాటుకు పోయి ఏసుకున్న. ఏం సుఖమయ్యా అది! ఆ సుఖం గురించి నేను ఒక పుస్తకం రాయొచ్చు. మల్ల చెల్క కాడ ఒక రేగు చెట్టుండె, దాని కింద విడిసి పెడుతుంటి. ఎందుకంటే బాయి గడ్డ మీద నీళ్లు పడేదాన్క ఎవ్వరు చెప్పులతోని ఎక్కొద్దు. గంగమ్మ తల్లి ఇంకా రాకముందే ఆమె నెత్తి మీద చెప్పులతోని నడుస్తరా అని. బాయి తవ్వేటోళ్ల తోలు చెప్పులు గూడ ఆ రేగు చెట్టు కిందనే వరసగ ఉంటుండె. అంటే పొద్దంత వాళ్లు ఆ కాలే రాళ్ల మీద వట్టి కాళ్లతోనే.

నిజం చెప్తున్న, వాళ్ల కాళ్లకు తెల్వదేమో అనుకున్న నేను. అలవాటైన కాళ్లు గదా, మందంగ ఉంటయి గదా అని. నాయంటి తెలివైనోళ్లు గట్లనే అనుకుంటరు. ఒకనాడు అవ్వ కాళ్లు సాపుకోని అంబలి తాగుతుంటే అరికాళ్లు సూసిన. పగుళ్లల్ల వేలు పట్టేటట్టుండె. నేను సూసుడు సూసి, ఆమె కాళ్లు ముడుసుకోని చీర కప్పుకున్నది.

తప్పు పని జరిగిన నాడు గాలి గూడ లేకుండె. ఇంట్ల ఆలస్యమైంది, అంబలి కారుతున్నది, గడ్డ మీదికెల్లి అవ్వ చెయ్యి ఊపి పిలుస్తున్నది. నేను ఉరికురికి పోయిన. రేగు చెట్టు ఎప్పుడు దాటిన్నో నాకు యాదికి లేదు. గడ్డెక్కి, కుండ దించి, "ఇగ తాగు అవ్వా" అన్న. ఆమె కుండ దిక్కు సూస్తలేదు. నా కాళ్ల దిక్కు సూస్తున్నది.

"ఓ బిడ్డా, కాళ్లు!" అన్నది సన్నగ.

చెప్పులు పట్టుకోని కిందికి ఉరికిన. మొగోళ్లంతా గుంతల ఉన్నరు, ఎవ్వరు సూడలె. నేను తిరిగి సూసే వరకు అవ్వ ఒక తట్టెడు మట్టి తెచ్చి, నేను నిలవడ్డ జాగల పోసి, పాదంతోని సదిరింది. నా దిక్కు సూసి కన్ను గీటింది.

ఆ మాపటీలే గడ్డపార ఖంగుమన్నది. పెద్దాయన పైకొచ్చి, మామతోని "పరుపు బండ వడ్డది పటేలా" అన్నడు. బండ అంటే ఉత్త బండ గాదు, గుంత ఇటుకెల్లి అటు దాన్క ఒక్కటే పలక. పొద్దుగాల దాన్క వచ్చిన పదును మట్టి ఆగిపోయింది. మర్నాడు మామ, అత్తమ్మ, నేను అందరం బాయి కాడికి పోయినం. మామ గడ్డ మీద ఒక అంచున నిలవడి, "ఎవరన్న ఏమన్న తప్పు చేసిండ్రా? చెప్పుండ్రి. తల్లికి కోపమొచ్చినట్టున్నది" అన్నడు.

నా నోటికి ఊరంత పేరుండె. పొద్దున లేస్తే మాపటి దాన్క వాగుతనే ఉంటనని అత్తమ్మ మా బాపుకు గూడ చెప్పింది. ఆ నోరు ఆనాడు తెరుసుకోలె. "బాయిని మింగిన కోడలు" అని చెవుల్ల వినవడ్తున్నది. మామ మల్ల అడిగిండు. పెద్దాయన "జర నీడకు రా పటేలా, గా అంచున ఎందుకు నిలవడ్డవ్" అంటే గూడ రాలె, అక్కన్నే నిలవడ్డడు.

"నేనే పటేలా" అన్నది అవ్వ. "కాళ్లు బొబ్బలెక్కినయి. మరిసిపోయి చెప్పులతోని ఎక్కిన."

ఆమె పెనిమిటి ఆమె దిక్కు సూసిండు. చెప్పులతోని గడ్డెక్కినోళ్లు తడిబట్టతోని, మిట్ట మధ్యాహ్నం, బాయి సుట్టు ఐదు సుట్లు తిరిగి తల్లికి మొక్కాలె. అది పద్ధతి. నెత్తి మీద కడివెడు నీళ్లు పోసుకోని ఆమె నడిసింది. మొదటి సుట్టుకు చీర కొంగుకెల్లి నీళ్లు కారుతుండె. మూడో సుట్టు వచ్చేవరకు చీర పొడిగా అయ్యింది. రాళ్ల మీద కాలు పెట్టినప్పుడు మాత్రం నడక జర తేడా కొడుతుండె, అంతే. నా ముంగటికెల్లి పోయినప్పుడల్లా పైకి సూసి, నాకు వినవడేటట్టు "ఏం బావా, నీ సుట్టు నన్ను తిప్పుకుంటున్నవా, నా సుట్టు నువ్వు తిరుగుతున్నవా?" అంటుండె. నన్ను నవ్వియ్యాలని. నేను నవ్వలె. చెప్పలె గూడ. పిరికిదాన్ని. ఉప్పు బొమ్మ తీరు నిలవడ్డ.

బండ పగలగొట్టేతందుకు దినాలు పట్టినయి. సమ్మెట ఎత్తి ఏస్తే నిప్పులు రాల్తుండె. ఆ బండ మీద గుంతల ఉంటే పైకెల్లి ఎండ, కిందికెల్లి సెగ. మొగోళ్లు కాళ్లకు గోనె సంచి ముక్కలు కట్టుకున్నరు. అవ్వ రాళ్లు మోస్తనే ఉన్నది, ఒక కాలు జర కుంటుకుంట. నేను అంబలి తెచ్చినప్పుడల్లా ఎప్పటి తీరుగనే నవ్వుతది. ఆ నవ్వు నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఇగ తట్టుకోలేక ఒకనాడు రొట్టెలు కొడుతున్న అత్తమ్మ ముంగట కూసోని, "అత్తమ్మా, ఆనాడు చెప్పులతోని ఎక్కింది నేను" అన్న.

ఆమె రొట్టె పెనం మీద ఏసి, నీళ్లు అద్ది, "ఎర్కే" అన్నది.

"ఏంది?"

"గా గళ్ల గుర్తులు మన ఊర్ల ఇంకెవరి చెప్పులకున్నయే? ఆమె మట్టి పోసి కప్పింది గానీ, అంచున ఒక్కటి మిగిలింది. మీ మామ సూసిండు. సూసి దాని మీద నిలవడ్డడు. అరికాళ్లు కాలినా ఆయన ఎందుకు జరగలె అనుకున్నవ్? పెద్దాయనకు గూడ తెల్సు. నీకు ఒక్కదానికే తెల్వదు, మా అందరికి తెల్సని."

ఇంత దినాలు దొంగ లెక్క తిరిగిన, ఇంటిల్లిపాది నన్ను సూసి లోపల్లోపల నవ్వుకుంటున్నరన్నట్టు. సిగ్గయింది. ఆ సిగ్గు ఎనుకాలే కోపమొచ్చింది.

"ఎర్కుండి గూడ ఆమెను ఎండల తిప్పిండ్రా?"

"ఆమెను తిప్పకపోతే నిన్ను తిప్పాలె. నిన్ను తిప్పితే ఊరు నలభై ఏండ్లు యాది పెట్టుకుంటది. ఆమె నీ పేరు నిలవెట్టింది, మేం ఆమె మాట నిలవెట్టినం. ఆమెకు ఎండ కొత్తనా?"

"ఎండ ఎవలికన్న పాతవడ్తదా అత్తమ్మా?" అన్న.

ఆ ఇంట్ల నేను ఎదురు మాట్లాడుడు అదే మొదలు. పెనం మీద రొట్టె మాడుతున్నది. అత్తమ్మ తిప్పలె, నేను తిప్పలె. మర్నాడు అంబలి కుండ పక్కన ఒక బుడ్డిల ఆముదం ఉన్నది. ఎవలు పెట్టిండ్రని నేను అడగలె. తీసుకపోయి అవ్వకిచ్చిన. "మీ అత్తనా?" అని అడిగి, మూత తీసి వాసన సూసి, "మంచిదే పంపింది, పీనాసిది" అన్నది.

బండ పగిలినంక రెండు మూరల లోతుకు ఊట వచ్చింది. పెద్దాయన గుంతలకెల్లి పెట్టిన కేక ఊర్లకు వినవడ్డదంటరు. మామ పంతులును పిలిపిచ్చిండు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గాజులు అన్నీ వచ్చినయి. ఊరంత గడ్డ మీదికొచ్చింది. కొత్త బాయిల ముందుగాల ఇంటి కోడలు కాలు పెట్టాలె, కడవ ముంచాలె. నేను పట్టు చీర కట్టుకోని మెట్లు దిగి, కింది మెట్టు కాడ ఆగిన. నీళ్లు పిక్కల లోతు ఉన్నయి, ఎర్రగ, బురదగ.

"పెట్టు బిడ్డా. మంచి కాలు" అన్నది ఒక ముసలి గొంతు పైకెల్లి. తలెత్తి సూస్తే, ఎద్దును మింగిన కోడలు. ఆమె మొకంల నిజంగ సంబురమున్నది, ఇంకొక పిల్ల బతికి బయట పడ్డదని.

ఇగ నాతోని కాలె.

"చెప్పులతోని గడ్డెక్కింది నేను" అన్న. నాకే వినవడలె. మల్ల గట్టిగన్న. "అవ్వ గాదు, నేను. నా కోసం ఆమె ఎండల తిరిగింది."

మామ తువ్వాలతోని మొకం తుడుసుకుంటున్నడు, ఎంతకీ తుడుసుడు అయిపోతలేదు. గప్పుడు అవ్వ రెండు చేతులు నడుము మీద పెట్టుకోని గడ్డ మీదికెల్లి వంగింది.

"ఓసి నీ నోరు పాడుగాను! ఐదు సుట్లు తిరిగి దాసిన ముచ్చటను గింత మందిల పారబోస్తివి గదనే! గీ చెప్పేదేదో ఆనాడే చెప్తే నా కాళ్లన్న మిగులు గద!"

జనం గొల్లున నవ్విండ్రు. ఆమె గూడ నవ్వింది. నేను ఏడ్సిన.

"నువ్వు ముందు పెట్టు అవ్వా" అన్న. ఆమె పెద్దాయన దిక్కు సూసింది, మామ దిక్కు సూసింది. మామ తువ్వాల అడ్డం తియ్యకుండనే "పెట్టనీ" అన్నడు. ఆమె చిన్నగ మెట్లు దిగొచ్చి, నా పక్కన కింది మెట్టు మీద కూసోని, చీర జర ఎత్తి పట్టుకోని, ఒక కాలు ఎనుక ఒక కాలు నీళ్లల్ల పెట్టింది. కండ్లు మూసుకున్నది. అన్ని దినాలు ఎండతోని పరాచికాలాడిన మనిషి, ఒక్క మాట గూడ అనలె.

పైకెల్లి పంతులు, యాళ్లయితున్నది, కోడల్ని కడవ ముంచమనుండ్రి అని తొందరపెడుతుండు.

"జర ఆగుండ్రి" అన్నది మా అత్తమ్మ. "ఆమెను కూసోనియ్యిండ్రి."